గోడ మీది రెండో పిడక

మా అత్తగారి వంటింట్లో, పొయ్యికి ఎదురు గోడ మీద ఎప్పుడూ రెండు పిడకలు ఉండేవి. పొయ్యిలో పెట్టే పిడకలు కావు. దోసగింజల్ని పేడలో, బూడిదలో కలిపి అరచేతి వెడల్పున గోడకి కొట్టినవి. కాపురానికి వచ్చిన కొత్తలో, గోడలు శుభ్రం చేసి మంచి కోడలనిపించుకుందామన్న హుషారులో అట్లకాడతో ఒకదాన్ని గోకబోయాను. ఆవిడ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"అయ్యో, అవి గింజలమ్మా," అన్నారు. "ఒకటి ఈ ఏటికి. ఇంకోటి ఏ ఏటికో దేవుడికే తెలియాలి."

పద్ధతి ఇదీ. ఏటా ఒక పిడకని తీసి, నీళ్ళలో నానబెట్టి, గింజలు ఏరి నాటేవారు. రెండోది గోడ మీదే ఉండేది. ఆ పంటలో బాగా పండిన కాయ ఒకటి చూసి దాని గింజలతో కొత్త పిడక కొట్టి, అది గోడ మీద ఎండి గట్టిపడ్డాకే పాతదాన్ని ముట్టుకునేవారు. కొత్తది ఎక్కకుండా పాతది దిగకూడదు. ఆవిడకి ఈ పద్ధతి ఆవిడ అత్తగారు నేర్పారు. ఒక తుఫాను ఏడు కొల్లేరు పొంగి మా వీధి గుమ్మం దాకా నీళ్ళొచ్చాయట. నాటిన గింజంతా కుళ్ళిపోతే మా ఊళ్ళో దోసపాదు మళ్ళీ మొలిచింది మా గోడ మీద నుంచేనట. ఈ కథ నాకు పెళ్ళైన మొదటి నెలలోనే నాలుగుసార్లు చెప్పారు. నాలుగోసారి ఆవలింత ఆపుకోలేకపోయాను. ఆవిడ చూసి నవ్వేశారు.

ఆ దోసకి పేరు లేదు. మా ఊళ్ళో దోస అంటే అదే కాబట్టి పేరు అవసరం పడలేదు. పిడికెడంత కాయ. పండినా పసుపు మీద ఆకుపచ్చ చారలు పోవు. కోస్తే వంటిల్లంతా పుల్లటి వాసన. తొక్క మందం, అందుకని తాటినారతో కట్టి దూలానికి వేలాడదీస్తే వానాకాలం దాకా చెక్కు చెదరదు. వరి కోసిన చేలో పదును ఆరకముందే, మినుముల మధ్య కర్రతో గుంట పొడిచి రెండేసి గింజలు వేసి, పైన పొయ్యి బూడిద చల్లేవారు. అంతే పని. దుక్కి లేదు, నీళ్ళు తోడేది లేదు, మందు కొట్టేది లేదు. రాత్రి మంచు, చేలో మిగిలిన తడి, మా బాతుల ఎరువు దానికి చాలేవి. చేను మా పెరటి గుమ్మానికి అంత దగ్గర. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా వెళ్ళి కాయ కోసుకొస్తే ఇంకా ఎసరు మరుగుతూనే ఉండేది. ఎండు రొయ్యలు వేసి ఆ దోసకాయ వండితే మా ఆయన మారు మాట్లాడకుండా అన్నం తినేవారు.

నేను పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో, మార్కెట్ యార్డుకి నాలుగు వీధుల అవతల. మా ఇంట్లో తెల్లవారేది లారీల చప్పుడుతో, ఉల్లిపాయల ఘాటుతో. ఏ కూరైనా గోనెసంచిలోంచి వస్తుందనే తెలుసు నాకు. చేలో పాదుకి వేలాడుతున్న కాయని కొయ్యమంటే తొడిమ పట్టుకుని లాగి తీగంతా పీకేశాను. అప్పటి నుంచి మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ నన్ను పరిచయం చేసే తీరు ఇదీ: "మా కోడలండీ, టీచరు. వాళ్ళ గూడెంలో కూరగాయలు లారీలకి కాస్తాయండీ." వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆవిడ అంటే నాకు ఎందుకో కోపం వచ్చేది కాదు. కోపం బాగానే వచ్చే మనిషిని, మా స్కూలంతటికీ తెలుసు.

ఇంకో సంగతి కూడా ఆవిడే నేర్పారు. దోసకాయ చెక్కు తీయగానే ముందు ఓ ముక్క నాలుక మీద వేసుకుని చేదుందేమో చూడాలి. ఒక్క కాయ చేదైతే గిన్నెడు పప్పూ పాడే. మా దోస ఒక్కనాడూ చేదు లేదు, అయినా ఆవిడ ప్రతి కాయా చూసేవారు. "మన కాయ మంచిదే కదత్తయ్యా, ఎందుకు చూడ్డం?" అని అడిగితే, "చూడ్డం మానేస్తే నాలిక మర్చిపోద్దమ్మా," అన్నారు.

నేను ఏలూరులో ఒక స్కూల్లో సైన్సు చెప్తాను. మా ఊరు మండవల్లికీ కలిదిండికీ మధ్య ఎక్కడో ఉంటుంది. రోజూ పొద్దున్న బస్సులో కొల్లేరు దాటి వెళ్తాను, సాయంత్రం మళ్ళీ దాటి వస్తాను. బస్సు కిటికీలోంచి ఏటేటా చేలు తగ్గి చెరువులు పెరగడం చూస్తూనే ఉన్నాను. చూస్తూ పేపర్లు దిద్దుకునేదాన్ని.

ఒక ఏడు స్కూలు ఎగ్జిబిషన్‌కి పిల్లల చేత పెద్ద చార్టు వేయించాను. ఎవరి క్యారేజీలో ఏ కూర ఉంది, అది ఎక్కడ పండింది, ఇక్కడికి ఎలా వచ్చింది అని. చూస్తే ఒక్కో పిల్ల డబ్బాలో మూడు రాష్ట్రాలు. ఇక్కడి చేపలు ఐసులో, థర్మోకోల్ పెట్టెల్లో ఈశాన్య రాష్ట్రాలకి పోతున్నాయి. ఎక్కడివో కూరలు డీజిలు పొగ పీలుస్తూ మన మీదకి వస్తున్నాయి. రెండు లారీలూ ఏలూరు బైపాసు మీద ఒకదానికొకటి ఎదురొస్తాయి. చార్టు చివర మా దోసకాయ నాలుగు పెట్టించి, కింద పిల్లల చేత రాయించాను: ఇంటి నుంచి నలభై అడుగులు. డీజిలు లేదు, ఐసు లేదు, ప్లాస్టిక్ లేదు. చెత్త అంతా మళ్ళీ చేలోకే. దీని పువ్వుకి తేనెటీగ వస్తుంది, దీని నీడన కప్ప బతుకుతుంది. మాకు ఫస్టు ప్రైజు వచ్చింది. ఇంటికి వచ్చి చెప్తే మా అత్తగారు, "మన కాయకి ప్రైజా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ షీల్డు ఇప్పటికీ హెడ్మాస్టరు గారి గదిలో ఉంది. నేను ఆ గదిలోకి వెళ్ళినప్పుడు దాని వైపు చూడను.

ఎందుకంటే ఆ ప్రైజు వచ్చిన రెండేళ్ళకి మా అరెకరం కూడా చెరువైంది.

తప్పు ఫలానా వాళ్ళది అని చెప్పగలిగితే నాకు ఎంత బాగుండేదో. అలా చెప్పడానికి ఎవరూ లేరు. ముందు పడమటి వైపు చేను చెరువైంది. తర్వాత ఉత్తరం. వాళ్ళు చేపల నుంచి రొయ్యలకి మారి, బోర్లలోంచి ఉప్పునీళ్ళు తోడారు. మా చేను మధ్యలో పడింది. చుట్టూ గట్లు లేచి ఊట మా వైపుకి దిగడం మొదలుపెట్టింది. ఒక ఏడు వరి వేళ్ళు కుళ్ళాయి, రెండో ఏడు కంకి పట్టలేదు. మూడో ఏడు చుట్టుపక్కల రైతులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మా ముక్క కలిస్తేగానీ వాళ్ళ చెరువు చదరం కాదు. చాలా మర్యాదగా అడిగారు. "మీకూ పండట్లేదు కదండీ. ఊరికే ఎందుకు పోగొట్టుకుంటారండీ?" అన్నారు. మా ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను. ప్రైజు కొట్టిన టీచర్ని నేనే తల ఊపాను.

మా అత్తగారు తలుపు చాటు నుంచి ఒక్క మాటే అడిగారు. "గట్టు మీద నా పాదులు వేసుకోనిస్తారాండీ?"

"ఎంత మాటండీ పిన్నిగారూ! గట్టంతా మీదేనండీ," అన్నారు వాళ్ళు. వాళ్ళు అబద్ధమాడలేదు. గట్టు ఆవిడకే వదిలారు.

ఏప్రిల్‌లో పొక్లెయిన్ వచ్చింది. నాకు వేసవి సెలవులు అప్పటికే మొదలయ్యాయి, గొడుగేసుకుని చూడ్డానికి వెళ్ళాను. డ్రైవరుకి ఫ్లాస్కుతో టీ కూడా పట్టుకెళ్ళాను. మొదట పైమట్టిని గీరి చేను అంచుల్లో కుప్పగా పోశాడు. నల్లటి మట్టి, చేత్తో నలిపితే పొడయ్యే మట్టి. మా అత్తగారూ, ఆవిడ అత్తగారూ బూడిదా పేడా పోసి పెంచిన మట్టి. తర్వాత లోతుకి తవ్వాడు. అడుగు నుంచి బూడిదరంగు బంకమట్టి, మధ్యమధ్య తెల్లటి గుల్లలు వచ్చాయి. దాన్ని నల్లమట్టి మీద పోసుకుంటూ పోయాడు. సాయంత్రానికి గట్టు మనిషెత్తు లేచింది. పైమట్టి అడుగుకి పోయింది, అడుగుమట్టి పైకి వచ్చింది.

ఒక్క మాట చాలేది. "ఆ నల్లమట్టి ఓ పక్కన ఉంచు బాబూ, చివర్లో పైన పొయ్యి," అంటే ఆ డ్రైవరు కాదనేవాడు కాదు. నేను రెండు గంటలు అక్కడే నిలబడ్డాను. నేలలో పొరలుంటాయనీ, పైపొరలోనే ప్రాణముంటుందనీ ఏడాదికి ఒకసారి బోర్డు మీద రంగు చాక్‌పీసులతో బొమ్మ వేసి చెప్తాను నేను. ఆ రోజు అదేదీ గుర్తు రాలేదు. డ్రైవరు టీ బాగుందన్నాడని సంతోషించి ఇంటికొచ్చాను.

తొలకరికి మా అత్తగారు మొదటి పిడక నానబెట్టి గట్టు మీద గింజలు నాటారు. అన్నీ మొలిచాయి. ఆవిడ ఎంత పొంగిపోయారో! రెండాకులు వచ్చాయి. మూడో ఆకు అంచు ఎర్రబడింది, ఆ తర్వాత మాడింది. ఇంటి కుళాయి నుంచి బిందెలతో నీళ్ళు మోసి పోశారు. పదిరోజుల్లో గట్టు మీద ఎండుపుల్లలు మిగిలాయి.

ఆవిడ నీరసపడలేదు. "వానలు మట్టిని కడుగుతాయిలే. చూద్దాం," అన్నారు. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. డిసెంబరు వచ్చింది. మామూలుగా దోసగింజ నాటే కాలం అదే. గోడ మీద ఒక్క పిడకే ఉంది. ఆవిడ రోజూ అన్నం వార్చేటప్పుడు దాని వైపు చూసేవారు, తీసేవారు కాదు. కొత్తది ఎక్కకుండా పాతది దిగకూడదు కదా. "ఈ ఏడు వదిలేద్దామంటావా అమ్మా?" అని నన్ను అడిగారు. వయసు మీద పడుతోంది, ఇంకో ఏడు ఆగితే తను నాటగలనో లేదోనన్న బెంగ కూడా ఆ గొంతులో వినపడింది.

నాకు జాలేసింది. జాలి ఒక్కటే అయితే ఫరవాలేకపోను, తెలివి కూడా తోడైంది. మర్నాడు స్కూలు ల్యాబులోంచి లిట్మస్ కాగితాలు సంచిలో వేసుకొచ్చాను. ఆవిడని వెంటబెట్టుకుని గట్టు మీదకి వెళ్ళి, గ్లాసులో నీళ్ళు పోసి, మట్టి కలిపి, తేరుకున్నాక ఎర్ర కాగితం ముంచాను. రంగు మారలేదు. నీలం కాగితం ముంచాను. అదీ మారలేదు.

"చూశారా అత్తయ్యా, మట్టి బాగుపడింది. పులుపూ లేదు, చవుడూ లేదు. నిక్షేపంగా వేసుకోవచ్చు," అన్నాను. కాగితాలు రెండూ ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ వాటిని తిప్పి తిప్పి చూశారు. తర్వాత వంగి, గట్టు మీది మట్టి చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకున్నారు. కాసేపు ఆగి పక్కకి ఉమ్మేశారు.

"కాస్త ఉప్పగా తగిలిందేమోనమ్మా," అన్నారు.

నేను నవ్వాను. "ఏంటత్తయ్యా, మట్టి తింటారా ఎవరైనా? కాగితం అబద్ధం చెప్తుందా?" అన్నాను. ఆవిడ కూడా నవ్వారు. "నిజమేలే. చదువుకున్నదానివి," అన్నారు.

ఆ రోజే పిడక దిగింది.

ఉప్పునీళ్ళలో ముంచితే లిట్మస్ ఏ రంగు ఉన్నది ఆ రంగే ఉంటుంది. ఆమ్లం అయితే ఎర్రబడుతుంది, క్షారం అయితే నీలమవుతుంది, ఉప్పు రెండూ కాదు. ఇది ఏడో తరగతి పాఠం. పంతొమ్మిదేళ్ళుగా నేనే చెప్తున్నాను. మూడు గ్లాసులు బల్ల మీద పెట్టి, మూడోదాంట్లో ఉప్పు వేసి, "చూడండర్రా, మారలేదు కదా! కాబట్టి ఏమీ లేదని కాదు, ఉప్పుందని ఈ కాగితానికి తెలియదు," అని పిల్లల చేత మూడుసార్లు పలికిస్తాను. పరీక్షలో ఆ ప్రశ్నకి తప్పు రాసిన పిల్లల చెవి మెలిపెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

గింజలన్నీ మొలిచాయి ఈసారి కూడా. జనవరి మంచుకి ఆకులు నవనవలాడాయి. తీగ సాగింది. రెండు పూలు కూడా పూశాయి. అదే నన్ను ఇప్పటికీ కోసేస్తుంది, పూలు పూశాయి. ఫిబ్రవరిలో ఎండ చురుక్కుమనేసరికి అడుగు ఉప్పంతా పైకి తేలింది. గట్టు మీద తెల్లటి పొర కట్టింది. ముగ్గు పిండి చల్లారేమో అనిపించేటంత తెల్లగా. తీగలు మొదళ్ళ నుంచి ఎండుకుంటూ వచ్చాయి. ఆవిడ పాత చీరలు తడిపి పాదుల మీద కప్పారు. నేను స్కూలుకి సెలవు పెట్టి బిందెలు మోశాను. చివరికి మిగిలిన ఒక్క పాదునీ మట్టితో సహా పెళ్ళగించి కుండీలో పెట్టి పెరట్లోకి తెచ్చాం. నాలుగు రోజులుంది.

ఆ కుండీని ఆవిడ చాలాకాలం పారబోయలేదు.

గింజ ఎక్కడైనా ఉండకపోతుందా అని నేను తిరగడం మొదలుపెట్టాను. మా ఊళ్ళో ఇల్లిల్లూ అడిగాను. "మీ ఇంట్లోనే ఉంటుంది కదండీ టీచర్ గారూ, మాకెందుకని మేం దాచలేదండీ," అన్నారు అందరూ. నిజమే. కావలసినప్పుడల్లా మా గోడ దగ్గరికే వచ్చేవాళ్ళు. పెదవేగి దగ్గర మా అత్తగారికి చెల్లెలు వరసయ్యే ఒకావిడ పూర్వం గింజలు పట్టుకెళ్ళిందని తెలిసి, ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వెళ్ళాను. వాళ్ళది మొత్తం పామాయిల్ తోటైపోయింది. చెట్ల కింద పట్టపగలు కూడా చీకటిగా ఉంది. ఆవిడ నన్ను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "ఆ దోసా! ఎంత బాగుండేదమ్మా. బజార్లో దొరుకుతున్నాయి కదా అని మానేశాం," అంది. మా అత్తగారి కోసమని సంచిలో దోసకాయలు పెట్టిచ్చింది. అవి ఏలూరు మార్కెట్‌వే. తొడిమ దగ్గర స్టిక్కరు కూడా ఊడలేదు.

తాడేపల్లిగూడెం వెళ్ళాను. మా పుట్టింటి వీధి దాటి యార్డు పక్కన కూరగాయల కొట్ల దగ్గర దోసకాయల గుట్టలన్నీ వెదికాను. అన్నీ ఒకే సైజు, ఒకే పసుపు, నున్నగా మెరుస్తున్నాయి. ఒక కొట్టు పెద్దాయన నా అవస్థ చూసి ఏం కావాలని అడిగాడు. చారలు, సైజు, పుల్లటి వాసన అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అలాంటివి మా అమ్మ తెచ్చేదండీ," అన్నాడు. "ఇప్పుడు రావండీ. ఇవి ఎక్కడివో మాకే తెలీదండీ, లారీలో వస్తాయి, దించుకుంటాం."

లారీలకి కాస్తాయన్న మాట గుర్తొచ్చి అక్కడే, జనం మధ్య, ఏడుపొచ్చింది. పుట్టి పెరిగిన ఊళ్ళో ఉల్లిపాయల ఘాటుకి ఎవరి కళ్ళైనా నీళ్ళు పెట్టుకుంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మా చర్చిలో కోతల పండుగ మార్చిలో చేస్తారు. ఎవరింట్లో ఏది మొదట పండితే అది తెచ్చి బల్ల దగ్గర పెడతారు. వడ్లు, మినుములు, గుమ్మడికాయ, గుడ్లు, కోడి. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. మా అత్తగారి దోసకాయల బుట్టకి ఏటా పెద్ద పోటీ ఉండేది, వేలం పాడుకున్నవాళ్ళు అక్కడే సగం పంచేసేవాళ్ళు. ఈ మధ్య ఆ బల్ల మీద కూడా ఆపిల్ పళ్ళు, బిస్కెట్ ప్యాకెట్లు ఎక్కువయ్యాయి. చేలు లేనివాళ్ళు ఏం తెస్తారు పాపం. ఆ ఏడు నేను ఆవిడకి తెలియకుండా ఏలూరు నుంచి దోసకాయలు కొనుక్కొచ్చి, పాత బుట్టలోనే సర్ది ఇచ్చాను. ఆవిడ బుట్ట మీది గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పేశారు.

"మనం పండించింది కాదు కదమ్మా," అన్నారు. "పైనున్న ఆయనకి తెలీదా?"

బుట్ట ఇంట్లోనే పెట్టి చర్చికి వచ్చారు. అందరూ వరసగా బల్ల దగ్గరికి వెళ్తుంటే ఆవిడా లేచారు. ఖాళీ చేతులతోనే వెళ్ళారు. రెండు అరచేతులూ బల్ల మీద కాసేపు ఆనించి, తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆ బుట్టలోవే పప్పులోకి తరుగుదామని ఆవిడ కత్తిపీట ముందు కూర్చున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ వెనక గోడ మీద ఆ రెండో పిడక ఉండే చోట గుండ్రటి మచ్చ ఉంది. చుట్టూ పొగచూరిన గోడలో అదొక్కటే తెల్లగా ఉంది. ఆవిడ మొదటి కాయ చెక్కు తీసి, ముక్క నాలుక మీద వేసుకుని, "చేదు," అని పక్కన పడేశారు. ఇంక నేను ఉండబట్టలేకపోయాను.

"అత్తయ్యా, ఆ రోజు మీకు మన్ను ఉప్పగా తగిలింది కదా. 'ఏమో' అన్నారు గానీ, మీకు తెలిసిపోయింది. మరి ఎందుకు నాటారు?"

అబద్ధం చెప్దామా అని కాసేపు ఆలోచించినట్టున్నారు.

"తెలిసిందమ్మా," అన్నారు. "అయితే నువ్వు నా కోసమని స్కూలు నుంచి కాగితాలు పట్టుకొచ్చావు. అంత సంతోషంగా నా చేతిలో పెట్టావు. కాదంటే నీ మొహం చిన్నబోద్దని."

వాళ్ళ అత్తగారి చేతి నుంచి వచ్చిన గింజ. వరదకి పోని గింజ. నా మొహం చిన్నబోకూడదని ఆవిడ దాన్ని ఉప్పుమట్టిలో వేసేశారు. నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. ఏడుపు తన్నుకొచ్చింది, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను.

"ఊరుకోమ్మా. ఊరుకో," అంటూ ఆవిడ రెండో కాయ తీసుకుని చెక్కు తీశారు. నన్ను మళ్ళించడానికేమో, ఈసారి ముక్క నా నోట్లో పెట్టారు. "నాకు నాలిక చేదెక్కిపోయింది. నువ్వు చూడు."

నమిలాను. ఏడ్చి ఏడ్చి ముక్కు పూడుకుపోయి ఉంది. నాకు ఏ రుచీ తెలియలేదు.

"లేదత్తయ్యా. చేదు లేదు," అన్నాను.

ఆవిడ ఇంకేమీ చూడకుండా ఆ కాయ మొత్తం ముక్కలు కోసి పప్పులో వేసేశారు. రాత్రి అన్నాల దగ్గర మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. నేనూ తిన్నాను. కటిక చేదు. నేను కంచం పక్కకి జరిపి లేవబోయాను. మా అత్తగారు తల వంచుకుని, ఇంకొంచెం అన్నం పెట్టుకుని, ఆ పప్పే మళ్ళీ వడ్డించుకున్నారు.

"బానే ఉందమ్మా," అన్నారు. "కూర్చో. తిను."